కరకరలాడు చేపముక్కను గూర్చిన విచారము

మృగశిర కార్తె ప్రవేశించునాడు, అనగా జూన్ నెల 7వ తేదీననో 8వ తేదీననో, తెలంగాణమున మాంసాహారుల యిండ్లలో చేప ఉడకని పొయ్యి అరుదు. మన కరీంనగరు సీమలోని జమ్మికుంటలో ఆనాడు కొనితెచ్చిన చేపలో అధికభాగము చింతపండు పులుసునకే చెందును. తలయు, నడుము ముక్కలును గంజులోనికి పోగా, పిల్లల పోరు పడలేక గృహిణి పక్కకు తీసియుంచిన నాలుగైదు తోక ముక్కలు మాత్రమే పెనమెక్కును. పులుసు విషయమున మన ప్రాంతమందు అభిప్రాయభేదము స్వల్పము. మెంతిపొడి ఎంత, పులుపు ఎంత అనుదానితోనే తగవు ముగియును. వేపుడు విషయమున మాత్రము ఇంటికొక సంప్రదాయము, వాడకొక వాదము. పోచంపాడు ఆనకట్టకడ బండ్లమీద వేగిన ముక్క పంటిక్రింద కరకరలాడుచుండగా, అదే జాతి చేప, అదే కారము, అదే నూనె ఇంటిలోనికి వచ్చుసరికి ముక్క మెత్తబడి, తోలు పెనమునకు అంటుకొని, పిండి ఊడిపోయి, నూనె చిమ్ముటకు హేతువేమి? పిండి లోపమందురు కొందరు. నూనె లోపమందురు కొందరు. బండివాడు మసాలాలో ఏదో రహస్యమును దాచెనందురు పెక్కుమంది. ఈ పక్షములను పరిశీలించినకొలది, తగవంతయు నీటిని గూర్చినదే యనియు, మసాలా దినుసులకు ఇందు పాత్ర మిక్కిలి స్వల్పమనియు నాకు తోచుచున్నది.

ఈ విచారము నేటిది కాదు. కల్యాణి చాళుక్య చక్రవర్తియగు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున సంస్కృతమున రచించిన మానసోల్లాసమునందు చేపలను పట్టు వినోదమునకు ఒక ప్రకరణమును, వాటి పాకమునకు కొన్ని శ్లోకములును కలవు. మన కరీంనగరు సీమ నాడు ఆ సామ్రాజ్యపు నీడలోనిదే. అనుమకొండ కాకతీయులును అప్పటికి చాళుక్యులకు సామంతులే. ఆ రాజు చెప్పిన క్రమమిది: చేపను ముక్కలుగా కోసి చక్కగా కడిగి, చింతపండు రసముతో ఉడికించి, గోధుమపిండి చల్లి, కాగిన నూనెలో ఎర్రవారునట్లు వేయించి, పిమ్మట సైంధవ లవణమును, ఏలకుల పొడిని, మిరియపు పొడిని చల్లవలెను. మిరపకాయ ఇందు లేకుండుట సహజము. అది పోర్చుగీసువారివెంట సముద్రము దాటి మన దేశమునకు వచ్చుటకు ఇంకను నాలుగు శతాబ్దములు కావలసియుండెను. మనము గమనింపవలసినది దినుసులను కాదు, వాటి వరుసను. పులుపు మొదట, పొడిపిండి తరువాత, నూనె ఆపైన, ఉప్పు కట్టకడపట. తొమ్మిది వందల యేండ్ల క్రిందటి ఆ వరుసలో నేటి రసాయనశాస్త్రము దిద్దవలసినది అంతగా లేదు.

చేప కండలో నూటికి 75 మొదలు 80 పాళ్లు నీరే. నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడుకడ ఆవిరియగును; ముక్కపై తడి ఉన్నంతసేపు, నూనె ఎంత కాగినను, ఆ పైపొర వేడిమి నూరు డిగ్రీలను మించజాలదు. ఎర్రనైన రంగును, కమ్మని వాసనయు పుట్టించునట్టి చర్య, 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మేయార్ వివరించినది, ఆ వేడిమిలో చురుకుగా సాగదు. కాబట్టి తడిముక్కను నూనెలో వేసినపుడు మొదటి రెండు నిమిషములు మనము వేయించుట లేదు, ఉడికించుచున్నాము. ఆ ఉడుకులో కండ చిట్లి, లోపలి నీరు వెలికుబికి, పైపిండిని తడిపి ముద్దచేయును. ఇంటి వేపుడు చెడుటకు నూటికి తొంబదిపాళ్లు ఇదియే కారణమని నా నమ్మకము.

ఉప్పును గూర్చిన పాతతగవు ఇక్కడనే తేలిపోవును. ఉప్పు ముందుగా పట్టింపవలెనని పెద్దలందురు. ముందుగా పట్టించినచో నీరూరునని వంటపుస్తకములవారందురు. ఉభయులును సత్యమే పలుకుచున్నారు. ఉప్పు నీటిని వెలికి లాగును. ఆ నీటిని పారబోసి, ముక్కను గుడ్డతో అద్ది ఆరబెట్టినచో పైపొర పొడియై కండ గట్టిపడును. ఆ నీటిలోనే అల్లము, ఎల్లిగడ్డ, కారము కలిపి ముద్దచేసి గంటలతరబడి నానబెట్టినచో ముక్క తన నీటిలో తానే తడియుచుండును. మన యిండ్లలో జరుగుచున్నది ఈ రెండవదే. ఉప్పు, పసుపు పట్టించి పావుగంట యుంచి, కడిగి, తుడిచి, ఆరబెట్టి, మసాలాను వేయించుటకు కొలదిసేపు ముందు మాత్రమే పలుచగా పూయుట ఒక మార్గము. సోమేశ్వరునివలె ఉప్పును కడపట చల్లుట మరియొక మార్గము. నడిమిదారి మాత్రము పనికిరాదు.

పులుపును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. మన చేపలు సముద్రపువి కావు. చెరువులవి, మానేటివి, కాకతీయ కాలువ నీటితో నిండిన కుంటలవి. వేసవిలో చెరువు తగ్గి నీరు వేడెక్కి పచ్చబారినపుడు, అందలి నాచును, బురదలోని సూక్ష్మజీవులును జియోస్మిన్ అను పదార్థమును విడుదలచేయును. అది చేప కండలో చేరి, మనవారు మట్టివాసన అనునట్టి వాసనను కలిగించును. మృగశిర సరిగా వేసవి చివర వచ్చును గనుక ఆనాటి చేపకే ఆ వాసన హెచ్చు. జియోస్మిన్ ఆమ్లమునందు విరిగిపోవు స్వభావము గలది. కావుననే చింతపండు, నిమ్మరసము, పులిసిన మజ్జిగ మన వంటలో ఈ పనికి కుదిరినవి. పైన జిగురును పోగొట్టుటకు బూడిదతోగాని రాతి ఉప్పుతోగాని రుద్దుట వేరు, కండలోని వాసనను విరుచుట వేరు. నీసు పోవుటకు ఈ రెండును కావలెను. అయితే పులుపులో నానిన ముక్కను తుడువక పిండిలో పొర్లించినచో మొదటికే మోసము వచ్చును.

ఇక చేపల తారతమ్యము. 2016లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్ర మత్స్యముగా స్వీకరించిన కొర్రమీను వేపుడునకు అన్నివిధముల ఉత్తమము. గాలిని పీల్చి బ్రతుకగలది గనుక తొట్టిలో సజీవముగా అమ్మబడును, కండ గట్టిది, వెన్నుముల్లు తీసివేసినచో సన్నముండ్ల బాధ దాదాపు లేదు, వ్రేలెడు మందమున చిన్నముక్కలుగా కోసినను చిట్లదు. హైదరాబాదు హోటళ్లలో పుట్టి నేడు ప్రతి పట్టణమునకు ప్రాకిన అపోలో ఫిష్ అను వంటకమును నిజముగా వండదలచినవారు దీనినే కోరుదురు. కాని ధరను చూచినపుడు సామాన్య గృహస్థు వెనుకంజ వేయును. కొర్రమీనని చెప్పి, ఆంధ్ర ప్రాంతపు చెరువులలో పెంచిన పంగాసియస్ చేపను అమ్ము హోటళ్లకు కొదువలేదు. అది చౌక, ముండ్లు లేనిది, వాసన తక్కువది. నీరు మాత్రము విశేషముగ గలది. మంచుగడ్డలో వచ్చిన దాని ముక్క కరగినప్పుడు పళ్లెములో నిలిచిన నీటిని చూచినవారికి, హోటలువాడు దానికి అంత మందమైన పిండితొడుగు వేయుట ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

మనకు నిత్యము దొరకునవి బొచ్చె, రోహు, మృగాల. 2016 నుండి ప్రభుత్వము చేపపిల్లలను ఉచితముగా చెరువులలో విడుచుచుండగా, గంగపుత్ర, ముదిరాజు సహకార సంఘములవారు పట్టి అమ్ముచున్నవానిలో ఈ జాతులే హెచ్చు. రుచిలో వీటికి లోటులేదు. లోటంతయు ముల్లులో నున్నది: వీటి కండలోపల చీలికలుగానున్న సన్నముండ్లు వెన్నెముకతో సంబంధము లేకుండ దాగియుండును, వాటిని ఏరుట అసాధ్యము. పిల్లల నోటికి అందింపదగిన చిన్నముక్క కావలయునన్నచో ఉపాయమొక్కటే కలదు. తోలు తెగకుండ, కండకు మాత్రము అరసెంటీమీటరు కంటె తక్కువ దూరమున దగ్గరదగ్గరగా గాటులు పెట్టవలెను. ఆ గాటులలోనికి కాగిన నూనె చొచ్చి, తునకలైన సన్నముండ్లను పెళుసుచేసి, నమలదగినవిగ మార్చును. అమెరికాలోను చైనాలోను ఇట్టి జాతుల చేపలకు ఇదే ఉపాయము వాడుకలో నున్నది. మన మార్కెట్టులో చేపను కోయువారు అడిగినచో ఇట్లు గాటులు పెట్టి యిత్తురు, అడుగువారే తక్కువ. బొచ్చెకంటె రోహు, రోహు నడుముకంటె తోకభాగము ఈ పనికి మేలు.

పరకలను గూర్చి పెద్దింటివారు చిన్నచూపు చూతురుగాని, కరకరదనమే ప్రమాణమైనచో వాటిని మించినది లేదు. చిటికెనవ్రేలంత చేపకు మందము లేదు, నీరు నిలుచుటకు చోటులేదు. ఉప్పు, కారము, పసుపు అద్ది నూనెలో వేసినచో మూడు నిమిషములలో ముల్లుతో, తలతోసహా పెళపెళలాడును. పిండి అక్కరయే లేదు. అంగడిలో కొన్న ఎండుచేప సంగతియు అంతే: ఎండ దాని నీటిని ముందుగనే హరించినది గనుక నూనెకు మిగిలిన పని స్వల్పము. పిండియే కరకరదనమునకు మూలమనువారికి ఈ రెండును చాలినంత సమాధానము.

అయినను మందమైన ముక్కకు పిండితో పనిలేదనలేము. పిండి చేయునది, కండకును నూనెకును నడుమ నిలిచి, తాను ఎండి, కండను ఎండనీయకుండుట. ఏ పిండి ఈ కార్యమునకు తగినదనుదానిపై దేశమంతట మతభేదము కలదు. అమృతసరస్సువారు శనగపిండి, వాము కలిపి పట్టింతురు. కలకత్తావారు గ్రుడ్డులో ముంచి రొట్టెపొడిలో పొర్లింతురు. మంగళూరు, గోవాలవారు బొంబాయి రవ్వను అద్దుదురు. వీటిలో శనగపిండి రుచిగలది, త్వరగా ఎర్రవారును. కాని త్వరగనే చెమ్మ పీల్చి మెత్తబడును. రొట్టెపొడి మంచిదే, మన యింట అది సిద్ధముగా నుండదు. బొంబాయి రవ్వ ముక్కకు అంటుకొనవలెనన్నచో పైన కొంత తడి యుండవలెను. సముద్రపు చేపయొక్క గట్టికండకు అది తగునుగాని, నీటివాటమైన చెరువుచేపకు ఆ తడియే శత్రువు. మైదాను గూర్చి చెప్పవలసినది, అందలి జిగురు సాగుడుగుణము కలిగించును. తడిపి కలిపినకొలది తొడుగు తోలువలె సాగును.

కరీంనగరు సీమలో పుట్టినవారికి బియ్యపుపిండి మహిమను మరియొకరు బోధింపనక్కరలేదు. సంక్రాంతికి సకినాలు చుట్టు ప్రతి గృహిణికిని, నానిన బియ్యమును వడగట్టి, తడిపిండి పట్టించి, నువ్వులు వాము కలిపి, గుడ్డపై చుట్టి, గుడ్డ ఆ చెమ్మను పీల్చుకొనువరకు ఆరనిచ్చి, పిమ్మటనే నూనెలో వేయవలెనని తెలియును. ఆరని సకినము నూనెలో విరుగును, లేదా మెత్తగనే మిగులును. బియ్యములో సాగు జిగురు లేదు. అందలి గంజిపదార్థము వేడికి ఉబ్బి, నీరు పోగా గట్టి, పెళుసైన, సన్నని గోడలుగా నిలుచును. ఇంతటి విద్య చేతనున్న యిల్లాలు చేప దగ్గరకు వచ్చుసరికి దానినంతయు మరచి, మసాలాముద్దలో పిండిని కలిపి, నీరుపోసి, చారుచారుగా పూయుట నాకు వింతగా తోచును. సకినపు పిండిని ఆరబెట్టిన ఓర్పే చేపముక్కకును వలయును: మసాలా పూసిన ముక్కపై పొడి బియ్యపుపిండిని పలుచగా అద్ది, దులిపి, పళ్లెములో ఒకదానికొకటి తగులకుండ పదినిమిషములు విడిచినచో పిండి చెమ్మను పీల్చి ముక్కకు అతుకును. అప్పుడు మాత్రమే నూనె.

ఇంకొక పిండి మన చేతిలోనేయున్నది, మన దృష్టిలో లేదు. అమెరికాలోని మిస్సిసిపీ రాష్ట్రమున పత్తిపొలములు విస్తారముగా గల పల్లపుసీమ యొకటి కలదు. 1960ల నుండి అచటి రైతులు పత్తితోపాటు చెరువులు త్రవ్వి మీసముల చేపను, మన జెల్లకు దాయాదియైనదానిని, పెంచసాగిరి. ఆ చేపను వారు వేయించునది ముతకగా విసరిన మక్కపిండిలో పొర్లించియే. పత్తి, మక్కలు, చెరువుచేప: ఈ మూడును జమ్మికుంట చుట్టును పుష్కలము. గట్కకు విసరిన మక్కరవ్వలో సన్ననిదానిని జల్లించి, మూడుపాళ్ల బియ్యపుపిండికి ఒకపాలు కలిపినచో, బియ్యపుపిండి ఇచ్చు పెళుసుదనమునకు మక్కల గరుకుదనమును తీపును తోడగును. హోటలువారు వాడు తెల్లని కార్న్‌ఫ్లోరు ఇది కాదు. అది మక్కలలోని గంజిపదార్థము మాత్రమే. దానితోను ముక్క కరకరలాడును, రుచి మాత్రము దానికి స్వతహాగా లేదు. జెల్లచేపకు ఈ మక్కరవ్వ మిశ్రమముతో సమానమైనది వేరొకటి లేదని నా మతము.

జారుపిండిలో ముంచి వేయించు పద్ధతి వేరు శాఖ. ఇంగ్లండుదేశమున ఇది ప్రసిద్ధము. ఐబీరియా ద్వీపకల్పమునుండి వచ్చిన యూదులు అచటికి వేయించిన చేపను తెచ్చిరందురు. 1860 ప్రాంతమున లండనులో జోసెఫ్ మాలిన్ అను యూదుడు దానిని ఆలుగడ్డ ముక్కలతో కలిపి అమ్మెనని ప్రతీతి. జపానువారి టెంపురా 16వ శతాబ్దమున పోర్చుగీసువారివలన నేర్చినదే. ఈ జారుపిండి తేలికగా నుండుటకు ఇంగ్లీషువారు బీరు పోయుదురు: అందలి వాయువు బుడగలై పిండిని గుల్లబరచును, మద్యాంశము నీటికంటె త్వరగా ఆవిరియై తొడుగును త్వరగా ఆర్చును. ఈ రెండు గుణములును తాటికల్లునందు కలవు. చేపవేపుడును కల్లునకు నంజుడుగా తినుట మన సీమలో తరతరముల ఆచారమై యుండగా, ఆ కల్లును ఒక్క గరిటెడు పిండిలో పోయుట మాత్రము వాడుకకు రాలేదు. పులిసి నురుగెత్తు కల్లు ఈ పనిని చేయలేకపోవుటకు నాకు శాస్త్రకారణమేదియు కనబడదు. కల్లు ముట్టనివారికి చల్లని సోడానీరు సగము ఫలమునిచ్చును. ఐనను, జారుపిండికి నూనె మునుగులోతున కావలెను, పిండి చిక్కదనము కుదురవలెను, వెంటనే తినవలెను. నలుగురున్న యింటిలో ఇది ఆడంబరమే.

నూనె విషయమున మనవారు పల్లినూనెను ఉత్తమమందురు, నేనును కాదనను. కాని పత్తిమార్కెట్టునకు పేరుగాంచిన జమ్మికుంటలో పత్తిగింజల నూనెను గూర్చి ఒక మాటయైన చెప్పకుండుట అన్యాయము. పచ్చినూనెలో గాసిపాల్ అను విషపదార్థము ఉండును గనుక శుద్ధిచేయనిదే వాడరాదు. శుద్ధిచేసినది 200 డిగ్రీలు దాటువరకు పొగయక, తనదైన వాసనను ముక్కకు అంటింపక, వేపుడునకు చక్కగా తగును. 1911లో అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ క్రిస్కో అను పేర అమ్మిన ఘనతైలము ఈ పత్తిగింజల నూనెతో చేసినదే. మన బండ్లవారు ఎక్కువగా వాడునది పామాయిలు. అది చౌకయే గాక మాటిమాటికి కాగుటకు ఓర్చును; ఆ ఓర్పే దురలవాటునకు దారి. మరిగి మరిగి నల్లబడిన నూనెలో చెడుపదార్థములు నూటికి 25 పాళ్లు దాటినచో వాడరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జూలై 1 నుండి నిర్బంధించినది. ఇంటిలో కొలుచు సాధనముండదు. నురుగు నిలుచుట, చిక్కబడుట, ఘాటు పొగ, ఈ గుర్తులు చాలును. చేప వేగిన నూనె మిగిలినచో వడగట్టి మరునాటి పులుసు పోపునకే వాడి ముగింపవలెను.

వేడిమి 175 డిగ్రీల చుట్టు ఉండవలెను. కరివేపాకు రెబ్బ వేయగనే చిటపటలాడి, రంగు మారక తేలినచో కొలత సరిపోయినట్లు. మూకుడు నిండ ముక్కలు వేయుట మన తొందరకు గుర్తు. ఒక్కసారి పది చల్లని ముక్కలు పడినచో నూనె వేడి దిగజారి, ఆవిరి తగ్గి, మరల ఉడుకే ఆరంభమగును. ముక్కనుండి ఆవిరి బలముగా వెలువడుచున్నంతసేపు నూనె లోపలికి చొరలేదు. దించి చల్లారునప్పుడే పైనున్న నూనె లోనికి పీల్చబడును. కావున దించినవెంటనే చిల్లుల గరిటెపై రెండుక్షణములు దులిపి, జల్లెడమీద విడివిడిగా పరచుట అవశ్యము. మొదట మూడు నిమిషములు వేయించి, పది నిమిషములు జల్లెడపై ఆరనిచ్చి, మరల కొంచెము హెచ్చువేడిలో ఒక్క నిమిషము వేయించినచో, ఆ విరామమున లోపలినుండి పైపొరకు చేరిన చెమ్మ రెండవమారు పూర్తిగా పోవును. నేను చెప్పవచ్చిన ఉపాయములలో అత్యంత ఫలదాయకము ఇదియే; ఇంట నాచరించువారు మాత్రము అత్యల్పులు. ఇక గాలితో వేయించు కొత్త యంత్రము, ఎయిర్‌ఫ్రయరు, ముక్కను కాల్చగలదు. దానికి పైన నూనె రాయక తప్పదు. పొడిపిండి తెల్లగనే మిగులును. వైద్యుడు నూనె మాన్పించినవారికి అది ఒక ఊరట.

ఎర్రరంగును, అజినోమోటోను గూర్చి విచారింపను; అవి కరకరదనమునకు సంబంధించినవి కావు. నిమ్మకాయను మాత్రము వడ్డించు గంజులో ముందుగనే పిండువారిని వారింపవలెను. అంతకంటె పెద్ద అపచారము దావతులలో జరుగును. వంటవాడు తెల్లవారకముందే లేచి, పైన చెప్పిన నియమములన్నింటిని తెలిసియో తెలియకయో పాటించి, పొడిపొడిగ వేయించి తీసిన ముక్కలను పెద్ద గంజులో కుప్పపోసి, వేడి పోకుండుటకని మూతపెట్టి, మూతపై తడిగుడ్డ కప్పి, బంతులు సాగువరకు రెండుగంటలు అట్లే ఉంచును. మూతకు తగిలిన ఆవిరి నీటిబొట్లై ముక్కలమీదనే రాలును. చల్లారిన ముక్కను తినుటకు చుట్టములు ఒప్పుకొనరని వంటవాని వాదము. వెడల్పైన వెదురుతట్టలో కాగితము పరచి, ఒక్క వరుసగా, మూతలేకుండ ఉంచి, బంతి కూర్చుండుటకు ముందు పెద్దమూకుడులో అరనిమిషము తిప్పి తీసినచో ఆ వాదము నిలువదు. అందుకు కావలసినది మరియొక పొయ్యియు, మరియొక మనిషియు మాత్రమే.